పట్నము పొలిమేరలో భూమి వినియోగము

రంగారెడ్డి జిల్లా రైతులు, గ్రామోద్యోగులు గమనింపదగిన విషయములు

పంటను పెంచవచ్చును, పశువులను పెంచవచ్చును, ధనమును పెంచవచ్చును. భూమిని మాత్రము పెంచుట ఎవరి తరమును కాదు. ఊరికి ఉన్న భూమి ఎంతయో అంతయే. దానిలో ఎంత పంటకు, ఎంత పశువులకు, ఎంత నీటికి, ఎంత ఇండ్లకు అనునది ప్రతి తరమువారు నిర్ణయించుకొనవలసిన విషయము. మారుమూల గ్రామములలో ఈ నిర్ణయము నిదానముగా జరుగును. పెద్ద పట్నము పక్కనున్న గ్రామములలో అది ఒకటి రెండు సంవత్సరములలో జరిగిపోవును. ఒకసారి జరిగిన పిదప తిరుగుట కష్టము. అందుచేత హైదరాబాదు చుట్టునున్న రంగారెడ్డి జిల్లాను ఉదాహరణగా తీసికొని ఈ విషయమును వివరింతుము.

జిల్లా మారిన తీరు

హైదరాబాదు జిల్లాలోని గ్రామీణ ప్రాంతమును వేరుచేసి 1978 ఆగస్టు 15న ఈ జిల్లాను ఏర్పరచిరి. కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు దీనికి పెట్టబడినది. 2001 జనాభా లెక్కలలో జిల్లా జనాభా సుమారు 36 లక్షలు. 2011 నాటికి అది సుమారు 53 లక్షలకు పెరిగినది. వారిలో నూటికి 70 మంది పట్టణవాసులే. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా నుండి వికారాబాదు, మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లాలు విడిపోయినవి. మహబూబ్‌నగర్ జిల్లా నుండి షాద్‌నగర్, ఆమనగల్లు ప్రాంతములు వచ్చి చేరినవి.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము పనిచేయ నారంభించినది. నగరము చుట్టు 158 కిలోమీటర్ల పొడవున వలయ రహదారి వచ్చినది. పూర్వము పట్నపు సంతకు తెల్లవారుజామున బయలుదేరవలసిన గ్రామములు నేడు గంట ప్రయాణము దూరమునకు వచ్చినవి. రోడ్డు కూరగాయలను పట్నమునకు చేర్చును. అదే రోడ్డు భూమి కొనువారిని పొలము గట్టుమీదికి చేర్చును. ఈ రెండింటిని కలిపి చూచిననే పొలిమేర గ్రామముల స్థితి అర్థమగును.

నేలల తీరు

ఈ జిల్లాలో ఎక్కువ భాగము గ్రానైటు రాతి మీద ఏర్పడిన ఎర్ర చెలక నేలలు. ఇవి తేలికగా దున్నబడును, నీరు త్వరగా ఇంకును, త్వరగా ఆరిపోవును. చేవెళ్ళ, షాబాదు వైపు నల్ల రేగడి నేలలు కలవు. అవి తేమను పట్టియుంచును, గనుక వర్షాధారముగా ప్రత్తి, కంది, జొన్న వంటి పంటలకు అనుకూలములు. చెరువుల క్రింద, కుంటల క్రింద ఉన్న పల్లపు నేలలలో వరి పండుచున్నది. సంవత్సరమునకు సుమారు 700 నుండి 800 మిల్లీమీటర్ల వర్షము పడును.

ఇల్లు కట్టుటకు నేల సారముతో పనిలేదు. రాతి గుట్ట పక్కనైనను కట్టవచ్చును. పంటకు మాత్రము సారవంతమైన నేల కావలెను. అయినను రోడ్డు పక్కనున్నదను ఒక్క కారణము చేత మంచి రేగడి భూమి ఇండ్ల స్థలముగా మారుటయు, రోడ్డుకు దూరమైన రాతి చెలకను రైతు సాగుచేయ ప్రయత్నించుటయు జరుగుచున్నది. దీనిని ఊరివారు ముందుగానే ఆలోచించుకొనవలెను.

భూమి లెక్కలో తొమ్మిది తరగతులు

మన దేశములో గ్రామ భూమిని తొమ్మిది తరగతులుగా విభజించి లెక్క వ్రాయుదురు. ఈ విభజన తెలిసినచో మన ఊరు ఎటు పోవుచున్నదో రైతు తానే చూడగలడు.

మొదటిది అడవి. రెండవది వ్యవసాయేతర వినియోగములో ఉన్న భూమి. ఇండ్లు, రోడ్లు, రైలు మార్గములు దీనిలో చేరును. చెరువులు, కాలువలు, వాగులు ఆక్రమించిన స్థలము కూడ దీనిలోనే చేరును. కనుక ఈ తరగతిలో చూపిన విస్తీర్ణమంతయు ఇండ్లే యని తలచరాదు. మూడవది సేద్యమునకు పనికిరాని రాళ్ళు, గుట్టలు గల భూమి. నాలుగవది శాశ్వత పచ్చిక బయలు. మన వైపు దీనిని గైరాను, బంచరాయి అని పిలుతురు. అయిదవది సరుగుడు, వెదురు వంటి తోపులున్న భూమి. మామిడి, జామ, ద్రాక్ష వంటి పండ్లతోటలు ఇందులో చేరవు, వానిని సాగు భూమిలోనే లెక్కింతురు.

ఆరవది సేద్యయోగ్యమైన బంజరు. అనగా అయిదు సంవత్సరములు గాని, అంతకు మించి గాని వరుసగా సాగుచేయక వదలిన భూమి. ఏడవది ఒక సంవత్సరమునకు మించి అయిదు సంవత్సరముల లోపు పడావుపడిన భూమి. ఎనిమిదవది ఈ ఒక్క సంవత్సరము మాత్రమే విత్తక వదలినది. తొమ్మిదవది నికరముగా సాగైన భూమి. ఒకే భూమిలో రెండు పంటలు తీసినను ఇందులో ఒకసారే లెక్కించవలెను.

ఎనిమిదవ తరగతి భూమి వర్షము లేనందున పెరుగును, వర్షము పడిన మరుసటి ఏడు తగ్గును. ఇది సహజము. కాని పట్నము పొలిమేరలో ఎనిమిదవ తరగతి భూమి ఏడవ తరగతికి, ఏడవది ఆరవదానికి, తుదకు ఆరవది రెండవదానికి దిగిపోవుచున్నది. వర్షము బాగుగా పడినను అది సాగులోనికి తిరిగి రాదు. మీ ఊరి పదేండ్ల లెక్కలు తీసి ఈ నాలుగు గడులను పక్కపక్కన పెట్టి చూచినచో ఈ మెట్లు స్పష్టముగా కనిపించును.

బీడు ఎట్లు పెరుగుచున్నది

భూమి అమ్ముడుపోయిన మరునాడే దానిలో ఇల్లు లేవదు. కొన్నవారు పట్నములో ఉందురు. హద్దు కడీలు పాతి, తీగ చుట్టి, ధర పెరుగువరకు వేచియుందురు. ఆ భూమి పంటకును రాదు, ఇంటికిని రాదు. దానిలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ పెరుగును. అడవిపందులు అక్కడ నివాసమేర్పరచుకొని రాత్రివేళ పక్క పొలములలో పడును. పది మంది రైతులు కలిసి వేరుసెనగ వేసినపుడు పందుల వలనను, పక్షుల వలనను కలుగు నష్టము పది మందికి పంచబడును. ఒక్కడే మిగిలి వేసినపుడు ఆ నష్టమంతయు ఒక్కనిపైననే పడును. అతడును రెండేండ్లు చూచి మానుకొనును. ఈ విధముగా ఒక్కరి బీడు పక్కవారిని కూడ బీడు చేయుచున్నది.

ఇట్లు పడియున్న భూమిని కౌలుకు ఇచ్చుటకు యజమానులు జంకుదురు. కౌలుదారునకు హక్కు ఏర్పడునేమో యని వారి భయము. 1950 నాటి తెలంగాణ ప్రాంత కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారులకు హక్కులు లభించిన సంగతి అందరికిని జ్ఞాపకమే. అయితే 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టము వచ్చినది. సాగు చేయువానికి రుణములు, పంట సహాయములు పొందుటకు గుర్తింపు కార్డు ఇచ్చుట, యజమాని హక్కునకు ఏ భంగమును కలుగకుండుట దాని ఉద్దేశము. యజమానుల భయమును తీర్చి, నమ్మకమైన ఒప్పందముతో అట్టి భూములలో జొన్న చొప్ప, ఉలవ, కంది వంటి తక్కువ పెట్టుబడి పంటలు వేయించుట ఊరికంతకును మేలు.

నీటి లెక్క

పొలిమేర గ్రామములలో ముందుగా చెడునది నీరు. దీనికి చిన్న లెక్క చాలును. ఒక ఎకరము మీద ఒక అంగుళము వర్షము పడినచో సుమారు ఒక లక్ష లీటర్ల నీరగును. సంవత్సరమునకు 30 అంగుళములు పడినచో 30 లక్షల లీటర్లు. గట్టి రాతి నేలలలో ఇందులో పదవ వంతుకు అటునిటుగా మాత్రమే భూగర్భమునకు చేరును. అనగా ఎకరమునకు సుమారు 3 లక్షల లీటర్లు.

ఒక ఎకరము వరి పండుటకు సుమారు 48 లక్షల లీటర్ల నీరు కావలెను. దానిలో కొంత తిరిగి నేలలో ఇంకినను, బోరు క్రింద ఒక ఎకరము వరి వేసిన రైతు తన చుట్టునున్న పది పదిహేను ఎకరముల వాన నీటిని తోడుకొనుచున్నాడని గ్రహించవలెను. ఆ చుట్టునున్న ఎకరములు సిమెంటు రోడ్లుగాను, ఇండ్లుగాను మారినచో ఇంకుడు నిలిచిపోవును. కొత్త ఇండ్లవారు మరల అదే భూగర్భమునుండి బోరు వేసి తోడుకొందురు. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఎట్లగునో ఊరి నీరును అట్లే యగును.

కుంటలకు, చెరువులకు నీరు తెచ్చు వాగులు, కట్టుకాలువలు పట్టా భూముల నడుమ సాగును. ఎండకాలములో అవి చిన్న గుంటలవలె కనిపించును గనుక ప్లాట్లు చేయువారు వానిని పూడ్చి చదును చేయుదురు. చెరువు నిండదు, ఆయకట్టు ఎండును. భారీ వర్షము పడిననాడు ఆ నీరు పాత దారినే వెదకుకొని ఇండ్లలో దూరును. చెరువు శిఖము ఎండినంత మాత్రమున అది ఖాళీ భూమి కాదు. పూర్తి మట్టమునకు నీరు నిలిచినపుడు ఎక్కడివరకు వచ్చునో అంతవరకు అది చెరువే.

హైదరాబాదు నగరమే ఈ పాఠమును కష్టపడి నేర్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచినది. ఆ పిదప మూసీ మీద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఈ రెండు జలాశయములకు నీరు వచ్చు ప్రాంతమును కాపాడుటకు 1996 మార్చి 8న జీ.ఓ. 111 వెలువడినది. జలాశయములకు 10 కిలోమీటర్ల లోపలి 84 గ్రామములలో కాలుష్యమునిచ్చు పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, ఇండ్ల కాలనీలు రాకుండ అది కట్టడి చేసినది. తమ భూమికి ధర రాలేదని అక్కడి రైతులు చాలకాలము చెప్పుకొన్నారు. వారి బాధలోను న్యాయము కలదు, ఏలయన పట్నపు తాగునీటి భారమును ఆ 84 గ్రామములే మోసినవి. 2022 ఏప్రిలులో జీ.ఓ. 69 ఆ ఆంక్షలను తొలగించుచు, జలాశయముల నీటికి చెరుపు కలుగరాదను షరతు విధించినది. ఉత్తరువు ఏదైనను వాన నీటి దారి మారదు. మొయినాబాదు, శంకరపల్లి, చేవెళ్ళ రైతుల బోర్లకు ఊట ఆ వాగుల నుండియే రావలెను.

పైమన్ను

ఒక ఎకరములో ఆరు అంగుళముల లోతువరకు ఉన్న మన్ను సుమారు 900 టన్నుల తూకముండును. పైరుకు ఆహారమంతయు ముఖ్యముగా ఈ పొరలోనే కలదు. ఒక్క అంగుళము తీసినను 150 టన్నులు, అనగా సుమారు 50 ట్రాక్టరు బండ్లు. ఈ ఒక్క అంగుళము ఏర్పడుటకు కొన్ని వందల సంవత్సరములు పట్టును. ఇటుక బట్టీలకును, ప్లాట్లు ఎత్తుచేయుటకును రైతులు పైమన్ను అమ్ముకొనుచున్నారు. ఒక్కసారి వచ్చు ఆ సొమ్ము ఎంత ఎరువు కొన్నను తీరని లోటును మిగుల్చును. మన్ను అమ్మవలసివచ్చినచో చెరువు పూడిక తీయుటకు అనుమతి కోరుట మంచిది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద తీసిన పూడికను చెలకలలో తోలుకొన్న రైతులు దాని విలువను ఎరుగుదురు. అది చెలకకు తేమ పట్టు గుణమునిచ్చును.

పట్నమునకు దగ్గరగా ఏ పంట

ఏ పంట పట్నమునకు ఎంత దూరములో ఉండవలెనను విషయమును 1826లో జర్మనీ దేశపు వ్యవసాయదారుడు ఫాన్ ట్యూనెన్ వివరించెను. త్వరగా చెడిపోవు పాలు, కూరగాయలు పట్నము పక్కనే పండవలెననియు, నిలువ ఉండు ధాన్యము దూరమున పండినను నష్టము లేదనియు ఆయన చెప్పెను. లారీలు, శీతల గిడ్డంగులు వచ్చినను ఈ సూత్రము పూర్తిగా పోలేదు. కొత్తిమీర, మెంతి, పాలకూర, తోటకూర ఉదయము కోసి మధ్యాహ్నమునకే అమ్ముడుపోవలెను. ఇక్కడ దగ్గరివాడే బలవంతుడు.

ఈ జిల్లాలో చేవెళ్ళ, శంకరపల్లి వైపు క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, ఇబ్రహీంపట్నము, యాచారము వైపు టమాట, బెండ, పందిరి కూరగాయలు పండించుచున్నారు. మొయినాబాదు, షాబాదు ప్రాంతపు చామంతి, గులాబి గుడిమల్కాపూరు పూల మార్కెటుకు పోవును. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్లలో దళారి లేకుండ అమ్ముకొను అవకాశము కలదు. పందిరి కూరగాయలకు బిందు సేద్యము ఏర్పరచినచో వరికి పట్టు నీటిలో సగము కంటె తక్కువ నీటితో పంట వచ్చును.

అయితే లాభము వచ్చు పంట ఉన్నంత మాత్రమున భూమి నిలుచునని చెప్పలేము. హైదరాబాదు చుట్టు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఒకనాడు ప్రసిద్ధి చెందినవి. కూలీల ఖర్చు, తెగుళ్ళు, నీటి కొరత ఒకవైపు, పెరిగిన భూమి ధర మరొకవైపు పీడింపగా ఆ తోటలలో చాలభాగము ఇండ్ల స్థలములైనవి. పెట్టుబడి తక్కువగా, ఆదాయము వారము వారము చేతికందు పంటలే పొలిమేరలో ఎక్కువకాలము నిలుచును.

పశుగ్రాసము అట్టిదే. నగరము దిగువన మూసీ వెంట, పీర్జాదిగూడ, పర్వతాపూరు, ప్రతాపసింగారము మొదలగు గ్రామములలో పూర్వము వరి పండెడిది. నగరపు మురుగు నీరు పెరిగి, నేలలో ఉప్పు చేరి వరి దెబ్బతినగా రైతులు పారా గడ్డికి మారిరి. ఈ గడ్డి తడిని, ఉప్పును ఓర్చుకొనును, ఏడాది పొడుగున కోతకు వచ్చును, కట్టలు కట్టి నగరపు గేదెల దొడ్లకు అమ్మబడును. రైతు యుక్తికి ఇది మంచి నిదర్శనము. కాని మురుగు నీటితో పచ్చిగా తినెడి ఆకుకూరలు పండింపరాదు. రోగక్రిములు, పరిశ్రమల నుండి వచ్చు విషలోహములు వానితో ఇంటింటికి చేరును. శుభ్రమైన బోరు నీరు గల రైతు సోదరులు ఆకుకూరలను పండించి, ఆ మాటనే చెప్పి అమ్ముకొనవలెను.

అమ్ముటకు ముందు

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని సామెత. అమ్మిన భూమిని అదే ఊరిలో తిరిగి కొనగలిగినవారు అరుదు. బిడ్డ పెండ్లికో, అప్పునకో, చదువునకో అమ్మక తప్పని స్థితి రావచ్చును. అమ్మవద్దని చెప్పుట తేలిక, ఆ అవసరమును తీర్చుట కష్టము. కావున అమ్మువారు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. కొలత తెలిసికొనుడు. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, వెరసి 4,840 చదరపు గజములు. రోడ్లకు, ఖాళీ స్థలములకు పోగా మిగిలినదే ప్లాట్లుగా అమ్ముడుపోవును. గజము ధరను 4,840తో గుణించి ఆశపడుట గాని, అసలు లెక్కయే చూడక ఎకరము ధరకు ఒప్పుకొనుట గాని మంచిది కాదు.

2. బోరు, బావి, కరెంటు ఉన్న తుకడాను చివరివరకు ఉంచుకొనుడు. అవసరమునకు వేరు ప్రక్కది అమ్మినను, నీరున్న ఒక్క ఎకరము కుటుంబమును నిలుపును.

3. మిగిలిన పొలమునకు బండి దారిని, నీటి కాలువ దారిని దస్తావేజులో స్పష్టముగా వ్రాయించుకొనుడు. నోటిమాట దారి ప్రహరీ గోడ లేచిననాడు మూతపడును.

4. పన్ను సంగతి ముందుగా విచారించుడు. ఆదాయపు పన్ను చట్టము ప్రకారము, పది లక్షలకు మించిన జనాభా గల మునిసిపాలిటీ హద్దుకు 8 కిలోమీటర్ల లోపలనున్న సాగు భూమిని అమ్మినచో వచ్చిన లాభముపై పన్ను పడును. అమ్మకమునకు ముందు రెండేండ్లు సాగుచేసిన భూమియై, అమ్మిన రెండేండ్లలో వేరొక సాగు భూమిని కొన్నచో ఆ మేరకు మినహాయింపు కలదు. సాగు ఆపి బీడు పెట్టి పిదప అమ్మినవారు ఈ మేలును పోగొట్టుకొందురు.

5. సొమ్ము చేతికి వచ్చిన రోజుననే ఇంటిల్లిపాది, ముఖ్యముగా స్త్రీలు కూర్చుండి దానిలో ఎంత భూమిగాను, పాడిగాను మారవలెనో నిర్ణయించుకొనుడు.

గ్రామోద్యోగులు చేయవలసినది

సాగు భూమిని ఇతర పనులకు మార్చుటకు 2006 నాటి చట్టము ప్రకారము అనుమతి పొంది రుసుము చెల్లింపవలెను. లేఅవుటుకు వేరుగా అనుమతి కావలెను. అనుమతి లేని ప్లాట్లను కొన్న చిన్న ఉద్యోగులు, కూలీలు పిదప ఎన్ని ఇక్కట్లు పడుదురో గ్రామోద్యోగులకు తెలియనిది కాదు. కడీలు పాతిన మొదటి వారములోనే పై అధికారులకు తెలుపుట అందరికిని మేలు చేయును.

పంట నమోదును కచేరిలో కూర్చుండి పాత లెక్కను తిరిగి వ్రాయరాదు. ప్రతి సర్వే నంబరును చూచి, పంట ఉన్నచో పంట, బీడైనచో ఎన్నవ ఏటి బీడో వ్రాయవలెను. బీడును సాగుగా వ్రాసినచో ఎరువులు, విత్తనముల అంచనా తప్పగును. సాగును బీడుగా వ్రాసినచో నిజముగా పండించు రైతు సహాయమును కోల్పోవును. వాగులు, కట్టుకాలువలు, శిఖము, బంచరాయి, బండ్లబాటలను గ్రామ పటములో గుర్తించి, గ్రామసభలో అందరికిని చూపి, హద్దు రాళ్ళు వేయింపవలెను. బోర్ల విషయమున 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టమును అమలుపరచవలెను.

బంచరాయి భూమిని ఎవరిదియు కాని భూమిగా చూడరాదు. మేకలు, గొఱ్ఱెలు కాచువారికి అదియే ఆధారము. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూచు చోట్లును అట్టి బయళ్ళు, చెరువు కట్టలే.

ముగింపు

పట్నము పెరుగుట ఆగదు. దానికి ఇండ్లు కావలెను, రోడ్లు కావలెను. అట్లే దానికి పాలు, కూరలు, నీరు కూడ కావలెను. రాతి నేల ఇండ్లకు, రేగడి పంటకు, పల్లము నీటికి, బయలు పశువులకు అను నియమమును ఊరు ఊరంతయు కలిసి పాటించినచో ఇరువురికిని లోటుండదు. ఈ ఏరువాక నాటికి ప్రతి గ్రామమువారు తమ భూమిని తొమ్మిది తరగతులుగా వ్రాసికొని, గత పదేండ్ల లెక్కతో పోల్చి, గ్రామసభలో చదివి వినిపించుదురుగాక. ఎంత పోయినదో తెలిసిననే ఎంత నిలుపుకొనవలెనో తెలియును.